హ్యాండిల్‌బార్ వైరింగ్‌కి ఏ టూల్స్ కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బైక్ హ్యాండిల్‌బార్ మార్చినా, హారన్ బటన్ మొరాయించినా, కొత్తగా హీటెడ్ గ్రిప్పులు (చేతుల్ని వెచ్చగా ఉంచే పిడులు) గానీ యూఎస్‌బీ చార్జరు గానీ పెట్టుకోవాలన్నా చివరికి చెయ్యి పెట్టాల్సింది హెడ్‌లైట్ వెనకున్న వైర్ల కట్టలోనే. ఆ పనికి ఏ టూల్ కొనాలి, ఏది వద్దు అని నన్ను పదే పదే అడిగిన ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. క్రింపింగ్ (వైరు కొసకి లోహపు లగ్గుని ప్లయర్‌తో నొక్కి బిగించడం) గురించి మాత్రం కాస్త ఓపిగ్గా చదవండి. ఈ పనిలో వచ్చే బాధల్లో ఎక్కువ అక్కడే పుడతాయి.

అన్నీ కలిపి ఉన్న పెద్ద కిట్టు ఒకటి కొనేస్తే సరిపోదా?

సరిపోదు. నేనూ మొదట అదే కొన్నాను. పెట్టె నిండా రంగురంగుల లగ్గులు, వైరు తొడుగు ఒలిచే ఒక స్ట్రిప్పర్, ఒక క్రింపింగ్ ప్లయర్. హెడ్‌లైట్ విప్పి చూస్తే నా బైక్ కప్లర్‌లో (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులో) ఉన్న పిన్నుకి ఆ పెట్టెలోది ఒక్కటీ సరిపోలేదు. పట్టుదల కొద్దీ ఉన్నదాంతోనే నొక్కేశాను. నెల తిరక్కుండానే హ్యాండిల్ ఎడమవైపు తిప్పినప్పుడల్లా ఇండికేటర్ ఆగిపోవడం మొదలైంది.

టూల్ కొనే ముందు హెడ్‌లైట్ విప్పండి. కొన్ని బైకుల్లో ట్యాంకు ఎత్తాల్సి వస్తుంది. స్విచ్ నుంచి వచ్చిన వైర్లు ఎక్కడ ఆగుతున్నాయి, అక్కడున్న కప్లర్ ఎలాంటిది, అందులో పిన్ను ఎంత వెడల్పు, వైరు ఎంత లావు, నీళ్లు పోకుండా రబ్బరు సీలు ఉందా లేదా చూసి రాసుకోండి. జపాన్ బైకుల్లో ఎక్కువగా కనిపించే చదును పిన్నులు 2.3, 2.8, 6.3 మిల్లీమీటర్ల వెడల్పువి. దుకాణాల్లో వీటినే 090, 110, 250 అంటారు. అది అంగుళంలో వెయ్యో వంతుల లెక్క, 0.110 అంగుళం అంటే 2.8 మి.మీ. అన్నమాట. ఇవి కాక ఒంటి వైర్లకి గుండ్రటి బుల్లెట్ లగ్గులుంటాయి. జపాన్ రకంలో అవి 3.9 మి.మీ. మందం.

అందుకే నన్నడిగితే మొదట కొనాల్సింది క్రింపర్ కాదు, వెడల్పు, మందం కొలిచే వెర్నియర్ కాలిపర్. ప్లాస్టిక్‌దైనా పర్లేదు. లగ్గు కొలత తెలిశాక దానికి తగ్గ ప్లయర్ వెతుక్కోవడం తేలిక. ప్లయర్ కొనేసి దానికి సరిపోయే లగ్గు కోసం తిరగడమే కష్టం.

హ్యాండిల్‌బార్ వైరింగ్‌లో అంత ప్రత్యేకత ఏముంది? వైరు ఎక్కడైనా వైరే కదా?

టెయిల్‌లైట్ వైరుని ఫ్రేముకి కట్టేస్తే అది అక్కడే పడి ఉంటుంది. హ్యాండిల్ వైరు అలా కాదు. బండి తిప్పిన ప్రతిసారీ స్టీరింగ్ మెడ దగ్గర ఒకేచోట వంగుతుంది, మళ్లీ సాగుతుంది. ఒక వైరు తీగని అటూ ఇటూ వంచుతూ పోతే ఎలా తెగుతుందో మీకు తెలుసు. ఇక్కడ జరిగేది కూడా అదే, కాకపోతే నెమ్మదిగా.

దాంతో టూల్ ఎంపికే మారిపోతుంది. వైరు తొడుగు ఒలిచేటప్పుడు లోపలి రాగి పోగు ఒక్కటి కూడా తెగకూడదు. జాయింటు గట్టిగా ఉండాలి కానీ దాని పక్కనున్న వైరు మెత్తగానే మిగలాలి. పైన వాన నేరుగా పడుతుంది కాబట్టి నీళ్లు లోపలికి దిగకూడదు. వీటికి తోడు చోటు ఇరుకు. గ్యారేజీలో బల్ల మీద హాయిగా పనిచేసే పెద్ద ప్లయర్ హెడ్‌లైట్ గిన్నెలోకి దూరను కూడా దూరదు.

క్రింపింగ్ ప్లయర్ ఎలాంటిది కొనాలి?

మీ బైకులో ఉన్న లగ్గుల్ని బట్టి. కంపెనీ నుంచి వచ్చిన కప్లర్లలో ఉండేవి దాదాపు అన్నీ ఓపెన్ బ్యారెల్ రకం. లగ్గు వెనక రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి పోగుల్ని పట్టుకుంటుంది, వెనక జత వైరు పైతొడుగుని కౌగిలించుకుంటుంది. ముందు జతలోంచి కరెంటు పోతుంది. వెనక జత వల్ల వైరు ఊగినా ఆ ఊపు రాగి దాకా రాదు. హ్యాండిల్‌బార్‌లో రెండోది మొదటిదానంత ముఖ్యం.

దీనికి వాడే ప్లయర్ దవడలో ఒకవైపు సాదా గాడి, ఎదురుగా మధ్యలో చిన్న ముక్కు ఉన్న గాడి ఉంటాయి. నొక్కినప్పుడు రెండు రెక్కలూ ఒంపు తిరిగి పోగుల మధ్యలోకి దిగి, అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ బీ అక్షరాన్ని పడుకోబెట్టినట్టు కనిపిస్తాయి. దవడలో నున్నటి కోడిగుడ్డు ఆకారం గాడి మాత్రమే ఉంటే అది ప్లాస్టిక్ తొడుగున్న లగ్గులకి చేసిన ప్లయర్. దాంతో ఓపెన్ బ్యారెల్ లగ్గు నొక్కితే రెక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పోగులు వదులుగా ఉంటాయి.

ఇక ర్యాట్చెట్ ఉన్నదా, లేనిదా? ర్యాట్చెట్ ఉన్నది పూర్తిగా నొక్కేదాకా వదలదు, కాబట్టి ప్రతి లగ్గూ ఒకేలా వస్తుంది. కొత్తవాళ్లకి అదే మంచిది. దాని ఇబ్బంది రెండు. ఒకటి, తల లావుగా ఉంటుంది. రెండు, రెండు జతల రెక్కల్నీ ఒకేసారి నొక్కేస్తుంది కాబట్టి డై (దవడలో లగ్గుని నొక్కే అచ్చు) కొలత మీ లగ్గుకి అచ్చంగా సరిపోవాలి. సాదా చేతి ప్లయర్ అయితే రాగి రెక్కల్ని ఒక గాడిలో, తొడుగు రెక్కల్ని కాస్త పెద్ద గాడిలో విడివిడిగా నొక్కుకోవచ్చు. చెయ్యి అలవాటు పడటానికి ఓ ఇరవై లగ్గులు పాడవుతాయి, కానీ ఆ తర్వాత రకరకాల లగ్గులకి అదొక్కటే సరిపోతుంది. నా పెట్టెలో రెండూ ఉన్నాయి, బండి దగ్గరికి తీసుకెళ్లేది మాత్రం సన్న దవడ ఉన్న చేతి ప్లయరే. గాడుల మీద 1.0, 1.4, 1.6, 1.9 లాంటి మిల్లీమీటర్ల అంకెలు చెక్కి ఉన్నది చూసి తీసుకోండి. స్విచ్ వైర్లకి ఆ వరసే పనికొస్తుంది.

డ్యూష్ డీటీ రకం కప్లర్లు పెట్టుకుంటే కథ వేరు. వాటిలో ఎక్కువగా వాడే గుండ్రటి గట్టి పిన్నులకి నాలుగు వైపుల నుంచి గుచ్చి నొక్కే ప్లయరే కావాలి. హ్యాండిల్ మీద రెండు మూడు వైర్ల కోసం ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం. అవి నిజంగా మంచి కప్లర్లే, కానీ హెడ్‌లైట్ వెనక ఉండే చోటుకి బండగా ఉంటాయి.

ఎరుపు, నీలం, పసుపు ప్లాస్టిక్ లగ్గులు వాడొచ్చా?

వాడొచ్చు, కానీ స్విచ్ వైర్లకి వద్దు. ఎరుపుది సుమారు 0.5 నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి, నీలంది 1.5 నుంచి 2.5 దాకా, పసుపుది 4 నుంచి 6 దాకా. హ్యాండిల్ స్విచ్ వైర్లు చాలా బైకుల్లో 0.5 లేదా అంతకంటే సన్నం. అంటే ఎరుపు లగ్గుకి కూడా అవి అంచు మీదే ఉన్నాయి. పైగా నీళ్లు ఆపే ఏర్పాటు ఉండదు. బ్యాటరీ దగ్గర యాక్సెసరీ వైరుకి పెట్టుకోండి, పర్లేదు.

నా క్రింపు బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదట కళ్లతో. రెండు జతల రెక్కల మధ్య ఉన్న చిన్న సందులో రాగి, తొడుగు అంచు రెండూ కనిపించాలి. రాగి మాత్రమే కనిపిస్తే ఎక్కువ ఒలిచారు, తొడుగు మాత్రమే కనిపిస్తే రాగి రెక్కలు ప్లాస్టిక్‌ని కరుచుకున్నాయి. ముందువైపు పోగుల కొసలు అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో బయటికి రావాలి. తర్వాత వైరు పట్టుకుని గట్టిగా గుంజండి. మొహమాటం అక్కర్లేదు, ఇప్పుడు ఊడితే మంచిదే.

అసలు పరీక్ష ఇంకోటుంది. పాత వైరు ముక్కకి ఒక లగ్గు నొక్కి, జాయింటు మధ్యలో సన్న రంపంతో కోసి, అంచు ఆకురాయితో నున్నగా చేసి భూతద్దంలో చూడండి. పోగులన్నీ ఒత్తుకుని తేనెపట్టు గదుల్లా కలిసిపోయి ఉండాలి. మధ్యలో నల్లటి ఖాళీలు కనిపిస్తే గాడి పెద్దదైంది. కొత్త ప్లయర్ కొన్న ప్రతిసారీ ఇలా ఒకటి కోసి చూస్తాను.

ఇదంతా ఎందుకు, సోల్డరింగ్ చేసేస్తే పోదా?

ఈ ప్రశ్నకి అందరి దగ్గరా ఒక గట్టి అభిప్రాయం ఉంటుంది. నాది చెబుతాను. కరిగిన సోల్డరు దీపం వత్తిలో నూనెలా పోగుల మధ్య పాకుతుంది. మీరు పెట్టిన చోటు దాటి తొడుగు కిందకి కూడా వెళ్తుంది. అంతమేర వైరు పుల్లలా బిగుసుకుపోతుంది. బిగుసు ఎక్కడ ఆగి మెత్తదనం ఎక్కడ మొదలవుతుందో, వంగినప్పుడల్లా బరువంతా అక్కడే పడుతుంది. కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే తెగుతుంది. తొడుగు లోపల తెగుతుంది కాబట్టి కంటికి కనిపించదు.

కాబట్టి స్టీరింగ్ మెడ దగ్గర, వైరు వంగే ఆ జానెడు మేరలో సోల్డరింగ్ వద్దు. హెడ్‌లైట్ గిన్నెలో కదలకుండా కట్టేసే చోట చేస్తే ఏ గొడవా ఉండదు. అక్కడ కూడా జాయింటుకి రెండువైపులా వైరుని దేనికైనా కట్టాలి. లగ్గుని నొక్కాక దాని మీద సోల్డరు పోసే అలవాటు కొందరికి ఉంది. క్రింపు బాగుంటే దాని అవసరం లేదు, బాగోకపోతే దాని వల్ల ఉపయోగం లేదు.

మరి సోల్డరింగ్ ఐరన్ కొనాలా వద్దా?

స్విచ్ బాగుచేయాలంటే కొనక తప్పదు. స్విచ్ లోపల వైర్లు చిన్న ఇత్తడి రేకులకి సోల్డరింగ్ చేసే ఉంటాయి, అక్కడ క్రింపుకి చోటు లేదు. ఆ రేకులు ప్లాస్టిక్‌లో దిగి ఉంటాయి. ఐరన్ ఎక్కువసేపు ఆనిస్తే ప్లాస్టిక్ మెత్తబడి రేకు పక్కకి ఒరిగిపోతుంది. తక్కువ వాట్ల ఐరన్ మెల్లగా వేడెక్కిస్తుంది కాబట్టి సురక్షితం అనుకుంటారు, నిజానికి రివర్సు. ఉష్ణోగ్రత అదుపు చేసుకునే 60 వాట్ల ఐరన్‌తో 330, 350 డిగ్రీల దగ్గర పెట్టి రెండు సెకన్లలో పని ముగించడమే ప్లాస్టిక్‌కి మేలు.

సోల్డరు తీగ 63/37 రకం (తగరం, సీసం పాళ్లు) తీసుకోండి. అది 183 డిగ్రీలకే ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గడ్డకడుతుంది. మధ్యలో మెత్తటి దశ లేకపోవడం వల్ల చెయ్యి కాస్త కదిలినా జాయింటు పాడవ్వదు. అందులో సీసం ఉంటుంది కాబట్టి గాలి ఆడే చోట పని చేసి, చేతులు కడుక్కోండి. ఫ్లక్స్ (సోల్డరు బాగా అంటుకోవడానికి పూసేది) రోజిన్‌దే వాడాలి. పైపులకి వాడే ఆసిడ్ ఫ్లక్స్ మిగిలితే రాగిని తినేస్తుంది.

వైరు తొడుగు ఒలవడానికి కటింగ్ ప్లయర్ చాలదా?

చేయి తిరిగిన మెకానిక్‌కి చాలుతుంది. మనకి చాలదు. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ఉండేవే కాసిని సన్న పోగులు, అందులో మూడు తెగితే వైరు బలం అక్కడే తగ్గిపోతుంది. కొలతల ప్రకారం రంధ్రాలున్న స్ట్రిప్పర్ నాకు ఇష్టం. కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, రంధ్రాలు 20 గేజ్ దగ్గర ఆగిపోకుండా 26, 28 గేజ్ దాకా ఉన్నాయా అని. గేజ్ అంకె పెరిగేకొద్దీ వైరు సన్నం. 20 గేజ్ అంటే సుమారు 0.5 చదరపు మి.మీ., 22 గేజ్ అంటే 0.33. వైరుని తనే పట్టుకుని ఒలిచే ఆటోమేటిక్ రకం బల్ల మీద చాలా సుఖం. అయితే బైక్ వైర్ల పల్చటి తొడుగుని కొన్ని జారవిడుస్తాయి, కొన్ని సాగదీస్తాయి. తల కూడా పెద్దది, ఇరుకులో తిరగదు.

స్విచ్ విప్పబోతే స్క్రూ తల అరిగిపోతోంది. నా స్క్రూడ్రైవర్ మంచిదే, ఎందుకలా?

స్క్రూడ్రైవర్ మంచిదే, స్క్రూ వేరే. జపాన్ బైకుల మీద కనిపించే స్టార్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. చూడ్డానికి ఫిలిప్స్‌లాగే ఉంటాయి. కానీ ఫిలిప్స్ డ్రైవర్ కొస అందులో అడుగు దాకా దిగదు, పైపైన పట్టుకుని జారిపోతుంది. అలా రెండుసార్లు జారితే గాడి గుండ్రంగా అయిపోతుంది. చాలా జేఐఎస్ స్క్రూల తల మీద ఒక చిన్న చుక్క ఉంటుంది, దాన్నిబట్టి గుర్తుపట్టొచ్చు.

జేఐఎస్ కొస ఉన్న డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, 2వ నంబరు ముందు, 1వ నంబరు తర్వాత. ఈ పేజీలో నేను మొహమాటం లేకుండా కొనమనే టూల్ ఏదైనా ఉందంటే ఇదే. వెసెల్ లాంటి జపాన్ కంపెనీలవి దొరుకుతాయి. వెనక సుత్తితో కొట్టే వీలున్న రకమైతే ఇంకా మంచిది, బిగుసుకున్న స్క్రూకి ముందు ఒక దెబ్బ వేస్తే సగం పని అయిపోతుంది. అయితే కొట్టేది పాత ఇనుప స్క్రూ మీద, అల్యూమినియం స్విచ్ పెట్టెని కింద చేత్తో ఆన్చి పట్టుకుని. ప్లాస్టిక్ పెట్టె అయితే కొట్టొద్దు, పగులుతుంది.

యూరప్ బైకులకి ఎక్కువగా టోర్క్స్ (ఆరు కొసల నక్షత్రం ఆకారం) బిట్లు, అలెన్ కీలు కావాలి. టీ25 చాలాచోట్ల పడుతుంది.

స్విచ్ పెట్టె విప్పేటప్పుడు చేతిలో ఇంకేం ఉండాలి?

ఒక పెద్ద పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి. నవ్వకండి. డిప్పర్ స్విచ్, ఇండికేటర్ స్విచ్ లోపల చిన్న స్ప్రింగు, దాని ముందు ఆవగింజకి అన్నలాంటి ఉక్కు గుండు ఉంటాయి. మీట కదిలిన మరుక్షణం అవి ఎగిరిపోతాయి, తర్వాత దొరకవు. సంచిలో చేతులు పెట్టి విప్పితే ఎక్కడికీ పోవు. సంచి కాక, కొస వంగిన సన్న పట్టకారు, దంతవైద్యుల కొక్కెంలాంటి పిక్ ఒకటి, అయస్కాంతం ఉన్న చిన్న పళ్లెం, తలకి కట్టుకునే లైటు. రాగి కాంటాక్టుల మీద పచ్చగా పట్టిన చిలుము తీయడానికి కాంటాక్ట్ క్లీనరు, పాత టూత్‌బ్రష్ చాలు. గరుకు కాగితంతో రుద్దొద్దు, పై పూత పోయి ఇంకా త్వరగా చిలుము పడుతుంది.

తిరిగి బిగించేటప్పుడు పెట్టె లోపల చిన్న మొటిమలాంటి పిన్ను ఉందేమో చూడండి. అది హ్యాండిల్ గొట్టానికున్న రంధ్రంలో కూర్చోవాలి. అది కూర్చోకుండా స్క్రూ బిగిస్తే పెట్టె పగులుతుంది, లేదా పక్కనున్న వైరు నలుగుతుంది.

మల్టీమీటరా, టెస్ట్ ల్యాంపా?

రెండూ. ఒకటి చెప్పే అబద్ధాన్ని రెండోది పట్టేస్తుంది.

మల్టీమీటరు తనలోంచి దాదాపు కరెంటు పారనివ్వదు, మామూలు డిజిటల్ మీటరు నిరోధం 10 మెగా ఓములుంటుంది. అందువల్ల వైరులో ఒకే ఒక పోగు మిగిలినా అది దర్జాగా 12.5 వోల్టులు చూపిస్తుంది. హారన్‌కి మాత్రం ఆ ఒక్క పోగు చాలదు. వోల్టు ఉంది, హారన్ మోగదు, మనిషికి మతి పోతుంది. టెస్ట్ ల్యాంపులో 3 వాట్ల బల్బు ఉంటే అది పావు ఆంపియరు లాగుతుంది, వైరు బలహీనమైతే మసకగా వెలుగుతుంది. వైరు తెగలేదని కూతపెట్టే కంటిన్యుటీ బజర్‌నీ పూర్తిగా నమ్మకండి. చాలా మీటర్లు ముప్పై ఓముల దాకా కూడా కూతపెడతాయి. 3 ఆంపియర్ల హారన్ నిరోధమే 4 ఓములు, దాని దారిలో 20 ఓముల చిలుము ఉంటే ఇంకేం మోగుతుంది?

మీటరు కొనేటప్పుడు బజర్ వెంటనే పలుకుతుందా, చీకట్లో తెర కనిపిస్తుందా, 10 ఆంపియర్ల వైపు ఫ్యూజు ఉందా చూస్తే చాలు. దానికి సూదికొసల ప్రోబులు విడిగా కొనండి. కప్లర్ విప్పకుండా వెనకనుంచి పిన్నుని తాకొచ్చు. వైరు తొడుగుని గుచ్చి కొలిచే అలవాటు మాత్రం మానుకోండి, ఆ చిల్లులోంచి నీళ్లు దిగుతాయి.

మీటరుతో బలహీనమైన వైరుని పట్టుకోలేమా?

పట్టుకోవచ్చు, హారన్ నొక్కి ఉంచి కొలిస్తే. మీటరు ఒక తీగ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది హారన్ ప్లస్ లగ్గు మీద పెట్టి బటన్ నొక్కండి. అక్కడ కనిపించేదంతా దారిలో పోయిన వోల్టేజీ. అలాగే ఎర్త్ వైపు, హారన్ రెండో లగ్గు నుంచి బ్యాటరీ మైనస్ దాకా. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే నేను పట్టించుకోను. ఒకటిన్నర, రెండు వోల్టులు వస్తే కప్లర్ ఒక్కొక్కటీ దాటుకుంటూ కొలిస్తే దొంగ దొరుకుతాడు. చాలా జపాన్ బైకుల్లో హారన్ బటన్ ప్లస్‌ని కాదు, ఎర్త్‌ని కలుపుతుంది. అందుకే ఎర్త్ వైపు కొలవడం మర్చిపోవద్దు.

ఎర్త్ వైరు ఏదో రంగుని బట్టి చెప్పగలమా?

కంపెనీ తెలిస్తే చాలావరకు చెప్పొచ్చు. హోండాలో పచ్చ, యమహాలో నలుపు, సుజుకీలో నలుపు మీద తెల్ల గీత, కవాసాకీలో నలుపు మీద పసుపు గీత. కానీ పాత బండిలో ఎవరెవరు చేతులు పెట్టారో మనకి తెలీదు. రంగు చూసి ఊహించండి, మీటరుతో ఖాయం చేసుకోండి.

కప్లర్ లోంచి పిన్ను బయటికి తీయడానికి ఏం వాడాలి?

హ్యాండిల్ మార్చేవాళ్లకి ఇది చాలా పనికొచ్చే టూల్. వైర్లు కోయకుండా పిన్నులు తీసేసి, కట్టని దూర్చి, మళ్లీ పెట్టుకోవచ్చు. పిన్ రిమూవర్లు గుత్తిగా అమ్ముతారు. అందులో మీకు కావాల్సినవి సన్నటి చదును నాలుకలు రెండు, బోలు గొట్టం ఒకటి. మామూలు పిన్ను వీపు మీద చిన్న నాలుక లేచి ఉండి ప్లాస్టిక్‌లో తగులుకుంటుంది. ముందు వైరుని కాస్త లోపలికి నెట్టి బరువు తీసేసి, రిమూవర్‌తో ఆ నాలుకని అణచి, అప్పుడు వెనక్కి లాగాలి. లాగేస్తూ అణిచితే రాదు. కుట్టు సూది లావుదాన్ని కొస చదును చేసినా పని జరుగుతుంది. సీలున్న కప్లర్లలో తాళం ప్లాస్టిక్‌లోనే ఉంటుంది, పైగా ముందువైపు రంగు ప్లాస్టిక్ ముక్క ఒకటి అడ్డం ఉంటుంది, దాన్ని ముందు తీయాలి.

తిరిగి పెట్టే ముందు నాలుకని మళ్లీ పైకి లేపండి. విప్పకముందు ఫోటో తీయండి, ప్రతి వైరుకీ కాగితం టేపుతో నంబరు వేయండి. ఫోటోలో గోధుమ రంగు, ముదురు ఎరుపు ఒకేలా వస్తాయి.

వైర్లని హ్యాండిల్ గొట్టం లోపలినుంచి తీసుకెళ్లాలి. దానికేం కావాలి?

ముందు ధైర్యం, తర్వాత డ్రిల్లు. కంపెనీయే రంధ్రాలతో ఇచ్చే హ్యాండిల్ దొరికితే అదే కొనమంటాను. గొట్టానికి రంధ్రం పెట్టడమంటే అక్కడ బలం తీసేయడమే. బిగింపు క్లాంపు దగ్గర, వంపు దగ్గర అస్సలు పెట్టకూడదు. పల్చటి అల్యూమినియం హ్యాండిల్‌కైతే నేను చేయను, ఎవరినీ చేయమనను.

చేయాల్సి వస్తే రంధ్రం పెట్టాక అంచుల్ని గుండ్రటి ఆకురాయితో లోపలా బయటా నున్నగా అరగదీయండి, రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి వేసే చుట్టు) తొడగండి. అరగదీయని అంచు వైరుకి కత్తే. మామూలు 22 మి.మీ. ఇనుప గొట్టం లోపల సుమారు 18 మి.మీ. ఖాళీ ఉంటుంది, వంపుల్లో అంత కూడా ఉండదు. కప్లర్ అందులో పట్టదు కాబట్టి పిన్నులు ముందే తీయాలి. ఒక సన్న దారానికి దూది ముడి కట్టి, రెండోవైపు వాక్యూమ్ క్లీనర్ పెడితే దారం క్షణంలో అటువైపు తేలుతుంది. ఆ దారంతో గట్టి తాడు, తాడుతో వైర్ల కట్ట. కొసల్ని మెట్లుగా, ఒకటి వెనక ఒకటి వచ్చేలా టేపు చుట్టండి. అన్నీ ఒకేచోట చుడితే లావై ఇరుక్కుంటాయి. సబ్బు నీళ్లు వాడొద్దు, టాల్కం పౌడరు చల్లండి.

హీట్‌ష్రింక్ స్లీవుకి లైటర్ సరిపోదా? హీట్ గన్ కొనాలా?

వేడికి కుంచించుకుని జాయింటుని పట్టేసే ఈ స్లీవులు నాలుగింటి కోసమైతే లైటరే, గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? మంటని తగలనివ్వకుండా కింద కదుపుతూ ఉండాలి. కానీ హెడ్‌లైట్ గిన్నెలో, పెట్రోల్ ట్యాంకు పక్కన మంట వెలిగించే పని పెట్టుకోవద్దు. అక్కడ సన్న మూతి ఉన్న చిన్న హీట్ గన్ వాడండి. దాన్ని కూడా పెట్రోల్ వాసన వస్తుంటే ముట్టుకోవద్దు. స్లీవు లోపల జిగురున్న 3:1 రకం తీసుకోండి, అంటే మూడో వంతుకి కుంచించుకుపోయేది. జిగురు కొసల్లో కాస్త బయటికి ఉబికితే నీళ్లు ఆగినట్టే. ఇక స్లీవుని ముందే వైరుకి తొడగడం... దీని గురించి ఎవరికీ చెప్పే అర్హత నాకు లేదు. ఇన్నేళ్లయినా పదింట్లో ఒకటి తొడక్కుండానే లగ్గు నొక్కేస్తుంటాను.

కట్ట మొత్తం చుట్టడానికి ఏ టేపు?

నల్లటి ఇన్సులేషన్ టేపు ఎండకి జిగురు కారి చేతులకి అంటుకుంటుంది, తర్వాత చివరలు లేస్తాయి. గుడ్డలా ఉండే హార్నెస్ టేపు మంచిది. వంగే చోట దాన్ని కూడా బిగించి చుట్టొద్దు, అల్లిక స్లీవు తొడిగి రెండు చివర్లు మాత్రమే కట్టండి. లోపల వైర్లు ఒకదాని పక్కన ఒకటి జారడానికి వీలుండాలి.

కొత్త వైరు ఎంత లావుది వాడాలి?

స్విచ్ సిగ్నళ్లకి 0.5 చదరపు మి.మీ. చాలు. హీటెడ్ గ్రిప్పులు, చార్జరు లాంటివి మూడు నాలుగు ఆంపియర్లు లాగితే 0.75 లేదా 1. హెడ్‌లైట్ 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు తీసుకుంటుంది. ఆ భారం స్విచ్ మీద పెట్టకుండా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెడితే స్విచ్‌లోంచి పోయేది పావు ఆంపియరు లోపే. పోగులు ఎంత సన్నగా, ఎంత ఎక్కువగా ఉంటే అంత బాగా వంగుతుంది. ఇంటి గోడలో వాడే ఒంటి తీగ వైరు ఇక్కడికి పనికిరాదు.

కొత్తరకం బైకులకి కూడా ఇవే టూల్సా?

లగ్గులకీ స్క్రూలకీ ఇవే. పరీక్షించే టూల్స్ దగ్గర జాగ్రత్త. 2004లో వచ్చిన బీఎండబ్ల్యూ ఆర్1200జీఎస్ నాటినుంచి క్యాన్ బస్ (బండిలోని కంప్యూటర్లు ఒకే జత వైర్ల మీద కబుర్లు పంపుకునే పద్ధతి) ఉన్న బైకులు పెరుగుతూ వచ్చాయి. వాటిలో కొన్నిటికి హ్యాండిల్ బటన్ నేరుగా దీపాన్ని వెలిగించదు, కంప్యూటర్‌కి కబురు మాత్రం పంపుతుంది. అలాంటి వైరు మీద టెస్ట్ ల్యాంపు పెడితే అది లాగే కరెంటుకి కంట్రోలరు దెబ్బతినొచ్చు. అక్కడ మల్టీమీటరు మాత్రమే వాడాలి. కొత్త చార్జరో గ్రిప్పో స్విచ్ వైరుకి తగిలించకండి. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సొంత దారి, రిలే పెట్టుకోండి.

ఏవి కొనొద్దు?

వైరుని కోయకుండా పైనుంచి నొక్కితే బ్లేడు దిగి అతుక్కునే టీ-ట్యాప్ కనెక్టర్లు. ఆ బ్లేడు పోగుల్ని కోస్తుంది, తడి లోపలికి పోతుంది, ఏడాది తర్వాత అది ఎక్కడుందో కూడా గుర్తుండదు. ఇళ్లలో వాడే స్క్రూ కనెక్టర్లు కూడా వద్దు, వైబ్రేషన్‌కి వదులవుతాయి.

పని అయ్యాక దేంతో చెక్ చేయాలి?

చేతులతో. పని మొదట్లో విప్పిన బ్యాటరీ మైనస్ చివరగా తగిలించి, ఇగ్నిషన్ ఆన్ చేసి ఇండికేటర్ వేసి ఉంచండి. హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా పదిసార్లు తిప్పండి. ఇండికేటర్ లయ తప్పకూడదు. హారన్, డిప్పర్, బ్రేక్ లైటు, కిల్ స్విచ్ ఒక్కొక్కటీ మూడు చోట్ల చూడండి: ఎడమ చివర, మధ్య, కుడి చివర. ఏ వైరూ బిగుసుగా లాగకూడదు, ఫోర్కుకీ ఫ్రేముకీ మధ్య నలగకూడదు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో మళ్లీ చివరి దాకా తిప్పండి. తిప్పినప్పుడు ఇంజిన్ వేగం దానంతటదే పెరిగితే మీ వైర్ల కట్ట యాక్సిలరేటర్ కేబుల్‌ని లాగుతోంది. బండి అక్కడే ఆపేసి, కట్ట దారి మార్చి మళ్లీ కట్టండి.